నూకయ్య బండి, సొలొమోను మీసం

ఖరగ్‌పూర్ వెళ్తే సుభాష్‌పల్లిలో సొలొమోను గారిని కలవకుండా తిరిగి రావద్దు. ఇల్లు కనుక్కోవడం చాలా తేలిక. వరండాలో ఎర్ర యెజ్డీ మోటార్ సైకిలు, దాని పక్కన స్టూలు, స్టూలు మీద నున్నటి పైపెదవితో ఒక పెద్దాయన. ఆ పెదవి మీద ఒకప్పుడు రైల్వే వర్క్‌షాప్ మొత్తానికీ తెలిసిన మీసం ఉండేది. అది ఏమైందో అడిగారా, ముందు టీ తెప్పిస్తాడు. తర్వాత గోడ మీద ఫోటో చూపిస్తాడు.

ఎనభైల మొదట్లో సొలొమోనూ నూకయ్యా ఒకే షాపులో ఫిట్టర్లు. ఒకరిది చర్చి, ఒకరిది గుడి, ఇద్దరిదీ ఒకే టిఫిన్ క్యారియర్. ఒకే నెలలో ఇద్దరూ యెజ్డీలు కొన్నారు. సొలొమోనుది ఎరుపు, నూకయ్యది నలుపు. చూడని వాళ్ల కోసం చెప్పాలి: దానికి రెండు సైలెన్సర్లు, కిక్ కొట్టే రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డవుతుంది. ఈ కిటుకు తెలియని దొంగ తెల్లారేదాకా తన్నినా బండి కదలదని సొలొమోను ధీమా.

ఆ ఏడాదే ఒక ఆనవాయితీ మొదలైంది. డిసెంబరు చలి పడగానే ఇద్దరూ బళ్లెక్కి ఇచ్ఛాపురం పోతారు. దారిలో భువనేశ్వర్‌లో బస. ఒడిశా దాటాక కనిపించే మొదటి తెలుగు బోర్డు కింద రెండు బళ్లనూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించుకుంటారు. టీ తాగి, బళ్లను రైల్లో పార్శిల్ వేసి, అదే రైల్లో ఇంటికి. నియమం ఒక్కటే. బండి తన చక్రాల మీద తాను రావాలి. లారీ ఎక్కిన బండికి ఫోటోలో చోటు లేదు.

"నా బండి లారీ ఎక్కిన రోజు ఈ మీసం తీయించేత్తాను," అని క్యాంటీన్‌లో అందరి ముందూ ఒట్టేశాడు సొలొమోను. ఆ అవసరం రాలేదు. గోడ మీద ఫోటోల్లో ఇద్దరి జుట్టూ తెల్లబడింది, పొట్టలు పెరిగాయి, బళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. సొలొమోను బండిలో కంపెనీ వాళ్లు బిగించిన సామాను ఇప్పటికీ చాలావరకు అదే.

మొన్నటి డిసెంబరు ప్రయాణం మాత్రం వేరు. నూకయ్య మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చెయ్యాలని, ఆ తర్వాత కిక్ అన్న మాటే ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఈ ఒక్కసారి వెళ్లొచ్చి బండి దిగిపోతానని నూకయ్య ఇంట్లో మాటిచ్చాడు. బయల్దేరేటప్పుడు సొలొమోను భార్య ఆలిస్ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"నాలుగు మోకాళ్లు కలిపి సూసినా ఒక్కటైనా మంచిది ఉన్నాదేటి?"

"బళ్లు మంచివే కదే," అన్నాడు సొలొమోను.

బరంపురం దాటేదాకా బళ్లు నిజంగానే మంచివి. ఆ తర్వాత నల్ల బండి దగ్గింది, టపటపమని పేలింది, ఆగిపోయింది. సొలొమోను ప్లగ్గు విప్పి చూశాడు. నిప్పురవ్వ పడటం లేదు. ఇంజను పక్క మూత తీస్తే తళతళలాడే కొత్త కండెన్సరు కనిపించింది. బొటనవేలంత డబ్బా అది. అది పాడైతే ప్లగ్గులో రవ్వ పడదు.

"ఇదెవులు పెట్టినారు?"

నూకయ్య తన కొడుకు సాయికుమార్‌కి ఫోన్ చేశాడు. "ఆఖరి ట్రిప్పు కదా నాన్నా. పాతది మరకలు పట్టీసినాదని కొత్తది ఏయించినాను," అన్నాడు వాడు సంబరంగా.

"పాతదేటి సేసినావు?"

"మిస్త్రీ పారేసినాడు."

"బాగుందిరా," అని నూకయ్య ఫోన్ పెట్టేశాడు. దగ్గర్లో ఉన్న ఒక్క మెకానిక్ యెజ్డీ పేరు వినగానే నవ్వి దండం పెట్టాడు. సొలొమోను డిక్కీలో ప్లగ్గులున్నాయి, క్లచ్ వైరుంది, ట్యూబుంది. కండెన్సరు లేదు. ఆయన బండిలోది ఎన్నడూ పోలేదు కాబట్టి ఇంకొకటి కొనాలని ఎన్నడూ తోచలేదు.

"ఠీక్ హై బావా," అన్నాడు నూకయ్య. "నువ్వెల్లి ఫోటో తీయించుకో. నేను ఎనకాల లారీలో వత్తాను." అని తువ్వాలు తీసి, ఇంట్లో తుడిచిన టాంకునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

సొలొమోను ఆ తువ్వాలు వైపు చూశాడు, తన ఎర్ర బండి వైపు చూశాడు. తనకు వచ్చే డిసెంబరు ఉంది. నూకయ్యకు లేదు. కానీ లారీ ఎక్కని బండి అని ఇన్నేళ్లు చెప్పుకున్న మాట? క్యాంటీన్‌లో ఒట్టు? ఇవాళ్టిదాకా మరో చెయ్యి తగలని ఆ స్క్రూలు? కాసేపు రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని తన బండి పక్కన కూర్చున్నాడు.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు నూకయ్య.

"కనబడ్డం నేదేటి? మీసం గీయించుకుంటన్నాను."

"వద్దు బావా. పోనీ, నేనెల్లినాక ఇప్పి బస్సులో పంపుతాను. నువ్వూ బండి మీదే వద్దువు గాని."

"దీని వైరు సూడు, సేమియా లాగైపోనాది. మరోపాలి ఇప్పితే పుటుక్కుమంటాది. నీ బండిలో కూకున్న కాడ దాన్ని కూకోనీ."

సొలొమోనుకి పాతికేళ్లప్పుడు కంపెనీలో పూసిన రంగు చుక్క ఊడదీసిన ఆ కండెన్సరు మీద ఇంకా ఉంది. సొలొమోను దాన్ని నల్ల బండిలో బిగించి లేచాడు.

"నువ్వే ఒక తన్ను తన్ను," అన్నాడు నూకయ్య.

"నీ బండి, నీ కాలు."

మొదటి కిక్‌కి నూకయ్య మొహం నొప్పితో ముడుచుకుపోయింది. రెండో కిక్‌కి రెండు సైలెన్సర్లూ నీలం పొగ కక్కి టంటంటమన్నాయి.

క్యాబేజీ లోడు లారీ ఒకటి ఆగింది. ఎర్ర బండిని పైకెక్కించి, హాండిల్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు సొలొమోను. ముందు నూకయ్య నెమ్మదిగా పోతున్నాడు. ఇచ్ఛాపురం దాకా సొలొమోను చెవి నల్ల బండి శబ్దం మీదే. ఒక్క దెబ్బ తప్పలేదు. బండి నూకయ్యది. పడుతున్న రవ్వ మాత్రం తనది. క్యాబేజీల మధ్య నిలబడ్డ ఆయన ఛాతీ పొంగిపోయింది.

బోర్డు దగ్గర నూకయ్య ఊరుకోలేదు. "నీదీ దింపి పెడదాం. ఎవుడికి తెలుస్తాది?"

"మనిద్దరికీ తెలుస్తాది కదేటి," అని సొలొమోను ఎదురుగా ఉన్న మంగలి షాపులోకి నడిచాడు.

ఆ ఏడాది ఫోటోలో ఉన్నది ఒకే బండి. నల్ల బండి మీద నూకయ్య. పక్కన మీసం లేని సొలొమోను, సరిగ్గా ఇంజను మూత మీద చెయ్యి వేసి.

ఇంటికొచ్చి తలుపు కొడితే ఆలిస్ తీసి, ఆయన్ని చూసి, "ఎవులు కావాలి?" అంది. తర్వాత కథంతా విని ఒకటే అడిగింది. "నూకయ్య అన్నయ్య బండి ఎల్లినాదా?"

"ఒక్క దెబ్బ తప్పకుండా."

"అయితే నూతికాడికెల్లి కాళ్లు కడుక్కో. అన్నం ఎడతాను."

సొలొమోను ఆ మీసం మళ్లీ పెంచలేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు శ్రద్ధగా గీసుకుంటాడు. ఎర్ర బండికి ఎక్కడో వెతికి ఇంకో కండెన్సరు వేశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక నూకయ్య ఇంటికెళ్లి నల్ల బండికి ఒక కిక్ కొట్టి, అది మొరుగుతుంటే ఇద్దరూ కూర్చుని వింటారు. వర్క్‌షాప్ కుర్రాళ్లు "ఏం దాదా, మీసమేదీ?" అని ఏడిపిస్తే, "నూకయ్య బండి నడుపుతోంది," అంటాడు.

మీరు వెళ్లినా అంతే. టీ అయ్యాక ఆ ఫోటో మీ చేతిలో పెట్టి, మీ మొహంలోకి చూస్తూ అడుగుతాడు. ఆ రోడ్డు పక్కన, ఆ స్క్రూడ్రైవరు మీ చేతిలో ఉంటే, మీరైతే ఏం చేసేవారు?