దిగకుండా కొండెక్కిన అచ్చియ్యమ్మ

చోడవరం వీధుల్లో అచ్చియ్యమ్మ సైకిల్ బెల్లు వినపడితే ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొస్తారు. క్యారియర్‌కి గాజుల పెట్టె కట్టుకుని ఒకరోజు రావికమతం, ఒకరోజు చీడికాడ తిరుగుతుంది. నలభయ్యో ఏట తొక్కడం నేర్చుకుంది, ఇప్పుడు యాభై నాలుగు. చీడికాడ దారిలో ఎత్తొచ్చినప్పుడు మాత్రం దిగి నడిపిస్తుంది. ఆ దిగడం ఆమె భర్త బంగార్రాజుకి పద్నాలుగేళ్ళుగా తరగని నవ్వులాట.

నిరుడు ఆమె అండమాన్ వెళ్ళింది. అక్కడ ఓ చిన్న దీవిలో పినతల్లి కూతురు నూకరత్నం కాపురముంటోంది. దీవంతటికీ ఒకటే రోడ్డు. ఈ చివర రేవు, ఆ చివర కొండ మీద లైట్‌హౌసు. ఆ సంగతి విన్నప్పటి నుంచీ అచ్చియ్యమ్మ కాళ్ళు ఒకచోట నిలవలేదు. సైకిల్‌నీ గాజుల పెట్టెనీ విశాఖలో ఓడెక్కిస్తూ, ఆ కొండ దిగకుండా ఎక్కుతానని మొగుడితో పందెం కాసింది.

"ఒసే, చీడికాడ ఎత్తుకే దిగిపోతావు. సముద్రం మధ్యన కొండెక్కుతావేటి?" అన్నాడాయన.

దీవిలో దిగిన మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. మొదటి ఇల్లు దాటనేలేదు, ఓ ముసలావిడ గాజుల పెట్టె చూసి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. వాళ్ళంతా మన వైపు నుంచి ఏనాడో వలస వెళ్ళినవాళ్ళే. గుమ్మంలోకి గాజులమనిషి రావడం చూసి ముప్ఫయ్యేళ్ళయిందట. అచ్చియ్యమ్మ ఉత్తినే రెండు డజన్లు తొడిగింది. కానీ గాజులు తొడిగిన మనిషిని ఉత్తి చేతుల్తో పంపడం మన ఇళ్ళల్లో లేదు కదా. ముసలావిడ పెట్టెలో రెండు కొబ్బరికాయలు పెట్టింది.

పక్కింట్లోనూ అంతే. ఆ పైయింట్లో అరటిగెల. ఇంకో ఇంట్లో ఎండుచేపలు, పైగా తినకపోతే కదలనివ్వమని చేపల పులుసూ అన్నం. ఇచ్చేకొద్దీ పెట్టె తేలికవ్వాల్సింది పోయి బరువెక్కింది. కొండ కిందికి చేరేసరికి సైకిల్ వెనక్కి వాలిపోతోంది. ఈ బరువుతో దిగకుండా ఎక్కడం కల్ల. పెట్టిన వస్తువు రోడ్డు మీద వదిలేస్తే పెట్టినవాళ్ళని అవమానించినట్టు. అచ్చియ్యమ్మకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

గాజులేసుకున్న ఆడవాళ్ళతో కలిసి వెనకే నడిచొస్తున్న నూకరత్నానికి పందెం సంగతి తెలుసు.

"అప్పా, నువ్ తొక్కు. కాయలు మేం తెస్తాం," అంది.

అంతే, ఆ ఆడవాళ్ళంతా తలా ఒక కాయ చంకనెత్తుకున్నారు. అరటిగెల ఇద్దరు మోశారు. ముందు ఖాళీ పెట్టెతో అచ్చియ్యమ్మ, వెనక గలగలమంటూ పాతిక జతల చేతులు. ఆ చప్పుడు దగ్గర పడినప్పుడల్లా ఆమె ఇంకో నాలుగు తొక్కులు తొక్కేది. లైట్‌హౌసు గోడకి చెయ్యానించాకే కాలు కింద పెట్టింది. అక్కడే నిలబడి రొప్పుతూ బంగార్రాజుకి ఫోన్ చేసింది.

"దిగేవా?" అన్నాడాయన.

"దిగనేదు," అంది. వెనక గాజుల చప్పుడూ నవ్వులూ ఫోన్లో ఆయనకీ వినిపించాయి.

మొన్న చీడికాడ దారిలో ఎదురయింది నాకు. ఎత్తు దగ్గర దిగి నడిపిస్తోంది. అంత కొండెక్కిన మనిషివి ఇక్కడ దిగడమేమిటని అడిగాను.

"కాయలు మోసేవోళ్ళేరి బాబూ ఇక్కడ?" అని బెల్లు కొట్టుకుంటూ నడిచిపోయింది.