మా అనిత మాట కోసం ఆగండి

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. పత్రికకు రాయడం ఇదే మొదటిసారి. అక్షరాల్లో తప్పులు పోతాయి. ఏమీ అనుకోకుండా చదవండి.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. మా అనితకు మూడేళ్లు నిండాక ఒక పొద్దున దొడ్లో కుక్క దూరి గొర్రెపిల్లను పట్టింది. అనిత చూసి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. నోరు తెరిచింది, మెడ నరాలు ఉబ్బాయి, "అ... అ..." తప్ప మాట రాలేదు. చెయ్యి పట్టి దొడ్లోకి లాక్కుపోయింది. దానికి అన్నీ తెలుసు, చెప్పడమే రావడం లేదు. ఆ రోజు నాకు భయం పుట్టింది.

"గ్రహణం నాడు ఏందో కోసింటావు. అందుకే బిడ్డ నాలుక ఇట్లయింది," అంది మా అత్త. మాటలు రావాలని రోజూ వసకొమ్ము అరగదీసి దాని నాలుకకు రాసేది. ఒకరోజు తొందర కొద్దీ చిక్కగా రాసింది. నాలుక మండి బిడ్డ వాంతి చేసుకుంది. ఆ తర్వాత వేలు కనబడితే చాలు, పళ్లు బిగించేది. మార్కాపురంలో డాక్టరు టార్చి వేసినా నోరు తెరవలేదు.

అక్కడి నుంచి ఒంగోలు, ఆపైన హైదరాబాద్. హియరింగ్ టెస్ట్ నార్మల్. స్పీచ్ థెరపీ మేడం ఊదమంది, పెదాలు నాలుకతో తడుపుకోమంది. అనితకు చేతకాలేదు.

"నాలుకలో లోపం లేదమ్మా. ఏ కదలిక తర్వాత ఏది రావాలో మెదడు వరస పెట్టలేకపోతోంది. అప్రాక్సియా అంటాం," అంది. జీన్ టెస్టుకు బిడ్డదీ, మా ఆయనదీ, నాదీ నెత్తురు తీసుకున్నారు.

రిపోర్టు చూసి డాక్టరు, "ఫాక్స్‌పీ2 అనే జీన్‌లో మార్పు ఉంది. మాట రావడానికి అవసరమైన జీన్ అది. తండ్రి నుంచి వచ్చింది," అన్నాడు.

మా ఆయన తల దించుకున్నాడు. ఎక్కువ మాట్లాడడని ఊరంతా ఆయన్ను బిడియస్థుడనుకుంటుంది. నేనూ అంతే అనుకున్నాను, ఆయనకూ మాట కష్టమని ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చాక అత్త ఒప్పుకోలేదు. "మా వంశంలో మూగోళ్లు లేరు!"

"మూగ కాదత్తా. గ్రహణమూ కాదు. ఇంక ఆయన్ను గూడా ఏమీ అనొద్దు. ఎవరి నెత్తురైతే ఏంది, బిడ్డ మాట్లాడాల," అన్నాను.

ఆయన మెల్లగా, "నేను... గూడా... నేర్చుకుంటా," అన్నాడు.

అప్పటి నుంచి గొర్రెల వెనక నడుస్తూ తండ్రీబిడ్డా కలిసి "ప, మ, ప, మ" అనుకునేవాళ్లు. అనితకు జ్వరం వచ్చి కొన్నాళ్లు ఆపితే నేర్చుకున్నవీ పోయాయి. మళ్లీ మొదటి నుంచి పట్టాం. బళ్లో వేయబోతే సారు మూగపిల్లల స్కూలు చూసుకోమన్నాడు. "దానికి అన్నీ అర్థమైతాయి సార్. ఈడనే కూర్చుంటాది," అని ముందు బెంచీలో కూర్చోబెట్టి వచ్చాను.

ఇప్పుడు అనిత మూడో తరగతి. ఈ ఇబ్బంది పూర్తిగా పోదని డాక్టరు చెప్పాడు. పోకపోతే పోనీ. మొన్న దుకాణంలో అది బెల్లం అడిగితే, దుకాణం అన్న నావైపు చూసి, "పాపకు ఏం కావాలంట చెల్లెమ్మా?" అన్నాడు.

"అడిగింది అది. దాన్నే అడుగన్నా."

అనిత మళ్లీ చెప్పింది. అతనికి అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "చె...వుడా... మామా?" అంది.

అతను పగలబడి నవ్వాడు. "అర్థమాయె, అర్థమాయె, బెల్లమే గదా తల్లీ!"

మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉంటే నేను చెప్పేది ఒకటే. వాళ్ల మాట మీరు చెప్పేయకండి. ఎంతసేపైనా ఆగండి.

నా తప్పులను మన్నించండి. అవి ఉన్నా ఇంతదాకా ఓపికగా చదివారు కదా, మా బిడ్డ మాట్లాడేటప్పుడూ అంతే ఓపిక పట్టండి.