కువైట్ కాగితంలో లేని ఖర్చు

అప్పట్లో మా ఆయనకు కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్లాలా వద్దా అన్నది నా లెక్క మీద ఆగింది. తెనాలి నుంచి పాస్‌పోర్టు పనికి హైదరాబాద్ వచ్చినప్పుడు కూడా, అద్దె, బియ్యం, పాలు అక్కడెంత, ఇక్కడెంత అని రాసిన కాగితం నా సంచిలోనే ఉంది.

లాడ్ బజార్‌లో నాకు గాజులు తొడుగుతున్నామె భర్త కువైట్‌లోనే డ్రైవరని తెలిసి, ఆమెకు ఆ కాగితం చదివి వినిపించాను.

"అన్నీ మంచిగ రాసినవక్కా. మరి వాపస్ వచ్చే ఖర్చేది?"

"టిక్కెట్టు కంపెనీదేనమ్మా."

"టిక్కెట్ కాదక్కా. గల్లీల ఇంటింటికి ఏమన్న తేవాలె. నైలాన్ చీరనో, గడియారమో. ఒక్కింటికి తక్కువైనా లొల్లే. గా సామాన్లకు పైసలు జమ కాకనే మా ఆయన మూడేండ్ల సంది ఇంటికి రాలే."

"మీకు మనిషి కావాలా, సామాన్లు కావాలా?" అని గట్టిగానే అడిగాను.

"నాకు మనిషే కావాలె. ఆయనకు ఇజ్జత్ కావాలె," అంది, ఆఖరి గాజు ఎక్కిస్తూ.

నేను లేవబోతుంటే మెల్లగా అడిగింది. "నువ్వు పోతే, వచ్చేటప్పుడు నాకో అత్తరు సీసా తెస్తవా అక్కా?"

ఆమె పేరు కూడా నాకు తెలియదు. అయినా కాగితం తీసి, అన్నిటికంటే కింద అత్తరు సీసా అని రాసుకున్నాను.