వంతెన మీద ఆగిపోయిన మాటలు

మా ఆఫీసులో ఆమెను అందరూ కుట్టుమిషను అనేవారు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు టకటకలాడుతుంటే గోడ అవతల ఎవరో బట్టలు కుడుతున్నట్టే ఉండేది. ఆ పేరు ఆమెకూ తెలుసు. "చిరిగిందేదైనా ఉంటే పట్రండి, ఓ కుట్టు వేస్తా" అని నవ్వేది. కోపం ముక్కు మీదుండే నాకు అంత నెమ్మదస్తులను చూస్తే మొదట్లో ఒళ్ళు మండేది. ఆమె విషయంలో ఆ మంట చాలాకాలం నిలవలేదు.

మాది లిఫ్టులు బాగుచేసే చిన్న కంపెనీ. దాన్ని ఓ పెద్ద కంపెనీ కలిపేసుకుంది. కలిపేసుకోవడం వాళ్ళ మాట, మింగేయడం మా మాట. పని కబుర్లకు వాళ్ళదొక మెసేజీల యాప్, మాదొకటి. మెకానిక్కులందరికీ కొత్తది నేర్పే ఓపిక ఎవరికీ లేదు. అందుకని ఎవరి యాప్ వాళ్ళు వాడుకుంటూనే ఒకరి మెసేజీలు ఒకరికి చేరేలా మధ్యలో వంతెన కట్టమన్నారు. ఆ పని కుట్టుమిషను నెత్తిన పడింది. నెల తిరక్కుండా కట్టి చూపించింది. ఇక్కడ టైపు చేస్తే అక్కడ ప్రత్యక్షం! పెద్దాఫీసు మేనేజరు చప్పట్లు కొట్టి, ఇకమీదట ఫోన్లు బంద్, మాటలన్నీ ఇందులోనే అని హుకుం జారీ చేశాడు. మెకానిక్కులతో ఫోన్లో మాట్లాడే మా కాల్ డెస్కు మూసేసి నన్ను స్పేర్ పార్టుల స్టోరులోకి తోశారు.

అప్పట్నుంచి మా మెకానిక్కులకు కష్టాలు మొదలయ్యాయి. వాళ్ళలో పెద్దవాడు మా బావ, మా అక్క మొగుడు. ఆయన బాగుచేసి వచ్చిన లిఫ్టుకే కాసేపట్లో పెద్ద కంపెనీ మెకానిక్కు ఇంకొకడు సంచీ వేసుకుని దిగేవాడు. ఏమిటయ్యా అంటే, "మీవాడి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదట, నన్ను పొమ్మన్నారు" అనేవాడు. చివరికి మేనేజరు, జవాబివ్వని మెకానిక్కులను నెలాఖరుకి తీసేస్తామన్నాడు. అందరికంటే ముందు మా బావనే. మా అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు.

నేను తిన్నగా కుట్టుమిషను గదికెళ్ళి విరుచుకుపడ్డాను.

"ఏమ్మా, మీ వంతెన వచ్చాకే మా బావ మూగవాడైపోయాడా? ఆయన నోరు మూయించడం ఇంట్లో మా అక్క వల్లే కావట్లేదు!"

ఇంకొకరైతే అంతా సరిగ్గానే ఉందని తెర చూపించి పంపేసేవారు. ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు? పదండి, వెళ్ళి చూద్దాం."

ఆమె అత్తగారికి చెవుడు. ఇంట్లో ఏ మాట చెప్పినా, చేరిందో లేదో ఆవిడ మొహం చూసి తేల్చుకోవడం ఈమెకు అలవాటు. ఆఫీసులోనూ అదే పద్ధతి.

బావ ఓ ఆసుపత్రి లిఫ్టు దగ్గర దొరికాడు. మోచేతుల దాకా గ్రీజు. ఎక్కడున్నావంటూ పెద్ద కంపెనీ కంట్రోల్ రూమ్ నుంచి మెసేజీ వచ్చింది. బావ వేలి మెటికతో ఫోను నొక్కి పట్టుకుని నోటితో చెప్పాడు.

"ఆసుపత్రిలోనే ఉన్నానండీ. తలుపు రోలర్ మారుస్తున్నా. కాసేపట్లో అయిపోద్ది."

వెళ్ళినట్టు టిక్కు పడింది. ఆమె తన ఫోనులో పెద్ద కంపెనీ యాప్ తెరిచి చూసింది. ఏమీ రాలేదు.

అప్పుడర్థమైంది ఆమెకి. మావాళ్ళు మొదట్నుంచీ కబుర్లన్నీ గొంతుతోనే పంపుతారు. గ్రీజు చేతులతో టైపు ఎవడు చేస్తాడు? ఆ వంతెనేమో రాసిన మాటల్నే దాటిస్తోంది, గొంతు వస్తే చడీచప్పుడు లేకుండా వదిలేస్తోంది.

"చేరట్లేదేమోనని పైవాళ్ళకి చెప్పలేదా బావా?" అన్నాను.

"చెప్పకేం? ఇందులోనే చెప్తున్నాగా, రోజూ!"

ఫిర్యాదు కూడా నోటితోనే పంపాడు మహానుభావుడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆమెకి పెద్దాఫీసులో పై ఉద్యోగం దాదాపు ఖాయమైన రోజులవి. అందుకే, "గప్‌చుప్‌గా సరిచేసెయ్యండి, ఎవరికీ తెలీదు" అన్నాను.

"ఇన్నాళ్ళూ పలకలేదన్న మచ్చ మాత్రం వీళ్ళకే ఉండిపోతుంది కదండీ" అంది.

మర్నాడు మీటింగులో స్పీకరు పెట్టి, మా పాత యాప్‌లోనే ఆగిపోయిన గొంతులన్నీ వరసగా వినిపించింది. అందులో మా బావది కూడా వచ్చింది.

"సార్, లోపల పెద్దావిడ ఇరుక్కుంది. తలుపు తీస్తున్నా... అమ్మా, భయపడకండి, నేనిక్కడే ఉన్నా." తర్వాత, "ఆవిణ్ణి బయటికి తెచ్చాం సార్, క్షేమం." ఆ తర్వాత, "సార్, వినబడుతోందా? సర్లెండి, పనిలో ఉన్నట్టున్నారు. మళ్ళీ చెప్తా."

ఆమె స్పీకరు ఆపింది.

"వీళ్ళు పలికారు సార్" అంది ఆమె. "దాటించనిది నా వంతెన. సరిగ్గా చూసుకోనిది నేను. ఎవర్నైనా తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యండి."

మేనేజరు ఎవర్నీ తీయలేదు. పై ఉద్యోగం మాత్రం ఇంకెవరికో ఇచ్చాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ రక్తం మరుగుతుంది. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నమే మళ్ళీ టకటక మొదలెట్టింది.

వంతెన సరిచేశాక, పరీక్షకి ఏదైనా పంపమని బావకి కబురు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఫోనులోంచి, పెద్ద కంపెనీ యాప్‌లోంచి, బావ గొంతు గరగరమంటూ వచ్చింది.

"తల్లీ, చేరిందా?"

ఆమె కళ్ళు తుడుచుకుని, టైపు చెయ్యకుండా ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"చేరింది అన్నయ్యా" అంది.