రెండు గడియారాలూ నెమ్మదే

ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. పాతికేళ్ళు దాటింది, ఇంకా మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల్లో గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సాపేక్షతా సిద్ధాంతం బాగా చెప్తానని పేరు. నా నోట్సు జిరాక్సులు బందరు దాకా వెళ్ళేవి.

ఆ ఏడు టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను. ఒకే వేగంతో దూసుకుపోయే రైల్లోని గడియారం, ప్లాట్‌ఫాం మీదున్నవాళ్ళ లెక్కలో నెమ్మదిగా నడుస్తుంది. మరి రైల్లోవాళ్ళ లెక్కలో ప్లాట్‌ఫాం గడియారం ఎలా నడుస్తుంది? వేగంగా అని నా నోట్సులో ఉంది. అందరూ అదే రాశారు. దివిసీమ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి మాత్రం, అదీ నెమ్మదిగానే అని రాసింది. ఆమె పేరు చెప్పను. సున్నా వేశాను.

పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకొచ్చింది.

"సార్, రైల్లోవాళ్ళ లెక్కలో వాళ్ళు కదలట్లేదు కదండీ. కదిలేది మనమే. అప్పుడు మన గడియారమే నెమ్మదవ్వాలి కదండీ?"

"నువ్వు నాకంటే పొట్టి, నేను నీకంటే పొట్టి. కుదురుతుందా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"దూరంగా నిలబడితే ఇద్దరికీ ఎదుటివాళ్ళే చిన్నగా కనిపిస్తారు కదండీ."

"వాదించకు. నోట్సులో ఉన్నది రాయి."

అన్నాను గానీ అనుమానం పట్టుకుంది. ఆదివారం బందరు వెళ్ళి, లైబ్రరీలో పాత పుస్తకం తీసి చూశాను. మూడుసార్లు చదివాను. ఆమె రాసిందే రైటు.

సోమవారం క్లాసులో రెండు నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? నోట్సు పరువు పోతుందనా? లేక ఇన్నేళ్ళుగా నేను చెప్తున్న పాఠంలో నాకు కనపడనిది, పంతొమ్మిదేళ్ళ పిల్లకి ఒక్క చూపులో కనపడిందని ఒప్పుకోలేకా? చివరిదే అనుకుంటాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ నెలలోనే, హైదరాబాదులో వేసవి ఫిజిక్స్ క్లాసులకి కాలేజీ నుంచి ఒకరిని పంపాలన్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయి గురించి నన్నడిగారు. అక్కడికెళ్ళి ఇదే ప్రశ్న అడిగితే? నీకు పాఠం చెప్పిందెవరని వాళ్ళు అడిగితే?

"బేసిక్స్ వీకండీ. వాదన ఎక్కువ," అన్నాను.

ఇంకొకరిని పంపారు. తప్పు చెప్పడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆమె మళ్ళీ క్లాసులో నోరు తెరవలేదు. మరుసటి ఏడు నోట్సు చప్పుడు చేయకుండా దిద్దుకున్నాను. ఉద్యోగం పర్మనెంటయింది.

చాలా ఏళ్ళకి అవనిగడ్డ బస్టాండులో ఆమే పలకరించింది. హైస్కూల్లో లెక్కల టీచరట.

"ఫిజిక్స్ నాకు ఎక్కదని అప్పుడే అర్థమైందండీ. మా పిల్లలు గడియారాల సంగతి అడిగితే, రెండూ నెమ్మదవడం కుదరదని మీ పొట్టీ పొడుగూ ఉదాహరణే చెప్తానండీ."

నా బస్సు ఇరవై నిమిషాలు లేటు. ఇరవై నిమిషాలూ వానల గురించి మాట్లాడాను.

ఆమె ఇది చదువుతుందో లేదో తెలియదు. చదివితే క్షమించమని అడగను. ఆమె రాసింది రైటు. నాకు ఆ నెలలోనే తెలుసు. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.