వాగు దగ్గర పనిచెయ్యని మిషను

ఇంటిదగ్గర చక్కగా పనిచేసి వాగు దగ్గరకు వెళ్లగానే మొరాయించే మిషన్ని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, నా చేతులతో నేనే తయారుచేశాను. ఆ రోజుల్లో నా బుర్ర ఎంత తిరిగిపోయిందంటే, ఒకపూట మజ్జిగన్నంలో పప్పు కలుపుకుని తినేసి, చెయ్యి కడుక్కున్నాక గానీ గమనించలేదు.

అద్దంకికి ఇవతల, మా ఊరికీ మా మిరప చేనుకీ మధ్య ఒక వాగుంది. దానిమీద ఇనప కమ్మీలు పరిచి, పక్కన పట్టుకోడానికి ఒక గొట్టం నిలబెట్టి, మనిషి నడిచేటంత వంతెన ఎప్పుడో వేయించాం. ఈమధ్య వానలకు వాగు పొంగి, పెద్ద మొద్దొకటి కొట్టుకొచ్చి గుద్దడంతో ఆ గొట్టం అతుకులు ఊడిపోయాయి. చెయ్యి వేస్తే ఊగులాట. మా నాన్నకి డెబ్బై దాటాయి. పొద్దున్నే ఆ వంతెన దాటి చేను చూసి రాకపోతే ఆయనకి టీ గొంతు దిగదు. అతుకేయించేదాకా అటు వెళ్లొద్దని బతిమాలితే, "మరి చేను ఇటొస్తుందంట్రా?" అన్నాడు. నాకు నిజంగానే భయం వేసింది. ఆయన తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా ఏ పనీ తోచేది కాదు.

వాగు దగ్గర కరెంటు లేదు. టౌన్లో వెల్డింగు షాపతను జనరేటరు బండి వేసుకుని వచ్చాడు గానీ, నల్లరేగడి బురద చూసి డొంక మొదట్లోనే వెనక్కి తిప్పాడు. నేల ఆరాక పిలవమన్నాడు. నేల ఆరేదాకా మా నాన్న ఆగాలి కదా! అందుకని, బ్యాటరీల మీద నడిచే వెల్డింగు మిషను నేనే చేస్తానని కూర్చున్నాను.

ఫోన్లో వీడియోలు చూసి చూసి కళ్లు మండాయి. మా ఆవిడ కాపురానికి తెచ్చుకున్న ట్రంకుపెట్టెను, ఆమెను అడక్కుండానే, తీసుకున్నాను. అందులో రెండు కారు బ్యాటరీలు వరసగా కలిపి పెట్టాను. పక్కన వెల్డింగు తీగ చుట్ట, ఒక పాత వైపరు మోటారు, రెండు చిన్న బేరింగులు. మోటారు తిరిగితే ఆ బేరింగులు తీగను మధ్యలో నొక్కి పట్టుకుని ముందుకు తోస్తాయి. తీగ ఒక రబ్బరు పైపులోంచి, చేత్తో పట్టుకునే గన్ను కొసకు వచ్చి, ఇనుముకు తగిలి కరుగుతుంది. అతుకుకు గాలి తగలకుండా కాపాడే పొడి తీగ లోపలే ఉంటుంది కనక గ్యాసు సిలిండరు మొయ్యక్కర్లేదు.

మొదటిసారి మా వాకిట్లో విరిగిన మడతమంచం కాలు అతికాను. సన్నగా, చిటపటలాడుతూ, ఎంత ముచ్చటగా అతికిందో! మా బావమరిది నల్లద్దం తీసి, "ఇంకేంటి బావా, రేపట్నించి చీమకుర్తి క్వారీలోళ్లు నీ గుమ్మం ముందు క్యూ కడతారు" అన్నాడు. వాడి వెటకారం కూడా ఆరోజు నాకు తియ్యగానే ఉంది.

మర్నాడు పొద్దున పెట్టెను వెదురుబొంగుకు కట్టి, చెరో కొసా భుజాన వేసుకుని వాగుకు మోశాం. గన్ను నొక్కాను. తీగ రవ్వంత వచ్చి ఆగింది. ఒక నిప్పురవ్వ ఎగిరి ఆరిపోయింది. మోటారు గిర్రున తిరుగుతూనే ఉంది, తీగ మాత్రం కదలదు. మళ్లీ నొక్కితే మళ్లీ అదే తంతు. చేసేది లేక ఇంటికి మోసుకొచ్చి, అన్నీ విప్పి, అలవాటుగా పెట్రోలు గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి నొక్కాను. బ్రహ్మాండంగా పనిచేసింది!

మర్నాడు వాగు దగ్గర మళ్లీ మొండికేసింది. ఇంటికొస్తే మళ్లీ మామూలే.

ఎవరికి చెప్పుకోవాలి? మోసేటప్పుడు వైర్లు కదులుతున్నాయేమోనని అన్నిటికీ టేపు చుట్టాను. వాగు చెమ్మ వల్లేమోనని పెట్టెకు గోనెపట్టా కప్పాను. మోటారు బండ్లకైతే బాడీకి ఎప్పుడూ మైనస్సే ఇస్తాం, ఈ తీగకేమో తిరగేసి గన్నుకు మైనస్ ఇవ్వాలి. అది సరిగ్గానే ఇచ్చానని తెలిసీ, నామీద నాకే నమ్మకం పోయి, మార్చి చూశాను. ఇంకా చెడింది. మళ్లీ మొదటిలాగే పెట్టాను.

"దానికి ఇంటిమీద బెంగేమో బావా" అన్నాడు బావమరిది. కొట్టబోయాను.

నాన్న మాత్రం రోజూ పొద్దున్నే ఆ పెట్టె పక్కన చేరేవాడు. ముచ్చటపడి చూస్తున్నాడు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఆ ఊగే గొట్టం పక్కనుంచే చేలోకి నడిచి వెళ్లేవాడు.

ఒకరోజు బయల్దేరే ముందు బొంగు కోసం దొడ్లోకి వెళ్లి వచ్చేసరికి, నాన్న గొంతుకూర్చుని ఉన్నాడు. ట్రంకుపెట్టె మూత తీసి ఉంది. ఒక చేతిలో ఆముదం సీసా, ఇంకో చేతిలో కోడి ఈక. పసిపిల్లకి కాటుక దిద్దుతున్నంత నెమ్మదిగా బేరింగులకు ఆముదం పూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"ఏముందిరా, రోజూ వేసేదేగా. ఊరు దాటే బండికి బయల్దేరే ముందే నూనె పడాలి. నీకు గుర్తుండదని నేనే వేస్తున్నా."

అప్పుడు వెలిగింది నాకు. బండి, ఎడ్లు మా ఇంట్లోంచి పోయి ఎన్నో ఏళ్లయింది. ఇరుసుకు పూసే ఆ సీసా, ఆ ఈక మాత్రం వసారా మేకుకు వేలాడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చిన బండికి ఎవరూ నూనె వెయ్యరు. పొద్దున పూసిందేమో నేను ఇంటికి రాగానే పెట్రోలు గుడ్డతో తుడిచేస్తున్నాను. అందుకే సాయంత్రాలు నా మిషను అంత బాగా పనిచేసింది.

"నూనెకి తీగ జారిపోతోంది నాన్నా. అక్కడ రాపిడే కావాలి."

"తిరిగేదానికి రాపిడి కావాలా?" అని నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని నవ్వబోయాడు. తర్వాత సీసా వైపు చూసి, "మరి దీన్నేం చెయ్యను?" అన్నాడు. నిన్నటిదాకా నేను పడ్డ అయోమయమంతా ఆ మొహంలో ఉంది. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. జాలేసింది.

వాగు దగ్గర బేరింగుల్ని పెట్రోలుతో తుడిచి గన్ను నొక్కాను. తీగ బుద్ధిగా వచ్చింది. అతుకులు గతుకులు గతుకులుగా పడ్డాయి గానీ, బావమరిది బరువంతా వేసి లాగినా గొట్టం కదల్లేదు.

వేడి చల్లారాక నేను అవతలి ఒడ్డున నిలబడి చూస్తుండగా, నాన్న వంతెన ఎక్కాడు. సీసా మేకుకు తగిలించకుండా వెంటే తెచ్చుకున్నాడు. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో ఈక. ఇన్నాళ్లూ నేను కిందామీదా పడి అతికిన గొట్టం వైపు కన్నెత్తయినా చూడకుండా నడిచి వస్తున్నాడు!

"నాన్నా, గొట్టం పట్టుకో!" అని అరిచాను. చేలో కొంగలు లేచిపోయాయి.

ఆయన వంతెన మధ్యలో ఆగి, తన రెండు చేతుల వైపూ చూసుకున్నాడు. ఈకను చెవి సందున దోపుకున్నాడు. ఖాళీ అయిన చేత్తో గొట్టాన్ని పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు.

"ఊగట్లేదురా," అన్నాడు. ఆ చెయ్యి తియ్యకుండానే నా దాకా నడిచొచ్చాడు.