గీగర్ పెట్టె మూగబోయిన చోటు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే వాళ్ళను ఆట పట్టించి, నోరు మూయించేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అరవయ్యో దశకం చివర్లో విజయనగరంలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసేవాణ్ణి. రేడియోలు విప్పడం, బిగించడం నాకు పిచ్చి. ఆ పిచ్చిలోనే గీగర్ కౌంటర్ ఒకటి తయారుచేశాను. విశాఖపట్నంలో పాత మిలిటరీ సామాను అమ్మేచోట దొరికిన ట్యూబు, పాడైన రేడియోలోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరు, బ్యాటరీలు, హెడ్‌ఫోను, అన్నీ ఒక చెక్కపెట్టెలో అమర్చాను. కంటికి కనపడని కిరణం ట్యూబులోంచి దూరినప్పుడల్లా చెవిలో టిక్కుమంటుంది. ఆ కిరణాలు నేలలోంచి, ఆకాశంలోంచి ఎప్పుడూ వస్తూనే ఉంటాయి కాబట్టి, ఎక్కడ పెట్టినా అది పూర్తిగా ఊరుకోదు.

మా అక్కను భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళో ఇచ్చారు. ఆ యేడు అక్కకు పాప పుట్టింది, పేగు మెడలో వేసుకుని. అలా పుడితే మేనమామకు గండమని, ముందు నూనెలో పాప నీడ చూశాకే ముఖం చూడాలని మావైపు పట్టింపు. ఆ తంతుకు మంచిరోజు కుదిరేదాకా వెళ్ళొద్దని అమ్మ కబురు పెట్టింది. నేను నవ్వాను. నవ్వి, వెళ్ళడం మానేశాను. పెట్టె పని మధ్యలో ఉందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మంచిరోజు రాకముందే పాప జ్వరంతో పోయింది.

పళ్ళు రాని బిడ్డను కాల్చరు కాబట్టి సరుగుడు తోట చివర పూడ్చిపెట్టారు. ఆనాటి నుంచి అక్క అక్కడే కూర్చుంటోంది. పాప నిద్రపోవడం లేదని, లోపల ఏడుస్తోందని అంటోంది. బావ నన్ను వెతుక్కుంటూ విజయనగరం వచ్చాడు.

“తిండి మానేసినాదిరా. ఇలాగుంటే మనిసి దక్కదు. నీ మిషనట్టుకొచ్చి అక్కడేటీ లేదని సెప్పు. నీ మాటైతే ఇంటాది.”

మర్నాడు మిట్టమధ్యాహ్నం తోటకు వెళ్ళాం. అక్క చిక్కి సగమైంది. ఆ తీరంలో నల్లిసుక ఉంటుంది, అందులో కిరణాలిచ్చే ఖనిజం ఉంటుంది. అది నాకు ముందే తెలుసు. పాపను పూడ్చిన చోట పెట్టె పెట్టగానే మంగలంలో పేలాలు వేగినట్టు ఒకటే చప్పుడు. హెడ్‌ఫోనులో ఒక వైపు అక్క చెవికి పెట్టి, రెండోది నా చెవికి పెట్టుకున్నాను. ఇది ఇసుక చప్పుడని, తోటలో ఎక్కడైనా ఇలాగే వినిపిస్తుందని మేష్టారిలా వివరించాను.

అక్క నా మాట వినిపించుకోలేదు. వంగి ఇసుకను నిమిరింది.

“ఏడవకమ్మా. మావొచ్చినాడు. సూసినాడు కదా, ఇంక పడుకో.”

చప్పుడు ఆగిపోయింది. తగ్గలేదు, ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందనుకుని పెట్టెను అవతలి చెట్టు కిందికి తీసుకెళ్ళాను. అక్కడ మళ్ళీ టిక్కుటిక్కు. తెచ్చి అక్క పక్కన పెడితే మూగ. బావ కూడా విని, హెడ్‌ఫోను నా చేతిలో పెట్టి పక్కకు వెళ్ళిపోయాడు.

అక్క నా మొహంలోకి చూసింది.

“గండం దాన్తోనే పోనాదిలేరా. ఇంక నువ్వు బయపడకు,” అంది.

కోపంగా అనలేదు, నన్ను ఊరడించడానికే అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

తరవాత ల్యాబులో ఆ పెట్టెను ఊడదీసి మళ్ళీ బిగించి చూశాను. ఎక్కడా లోపం లేదు. ఆ చోటి ఇసుకే మూటకట్టి తెచ్చి పెడితే శుభ్రంగా మోగింది. ఆరోజు ఎందుకు ఆగిందో ఎవరినీ అడగలేదు. అడిగితే మిగతాదంతా చెప్పాల్సివస్తుంది. నాకైతే ఈనాటికీ తెలియదు.

అక్క మాత్రం ఆరోజు చీరకంటిన ఇసుక దులుపుకుని తనే ఇంటికి నడిచింది. పొయ్యి వెలిగించి వండింది, నాకు వడ్డించి తనూ కూర్చుని తింది. బావ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అక్క తిన్నంతసేపూ నేను కంచంలోంచి తల ఎత్తలేదు.